కాలాతీతా, పోలవరమా!

పాపికొండల పాదపీఠం దగ్గర కొలువుదీరి, 48 గేట్ల స్పిల్‌వేను భుజకీర్తిగా ధరించి, 50 లక్షల క్యూసెక్కుల వరద ఒక్కుమ్మడిగా మీదికొచ్చినా చెక్కుచెదరకుండా సాగనంపగల విశాల వక్షంతో, 194 టీఎంసీల గోదావరిని కడుపున మోయగల మహోదరంతో విరాజిల్లబోతూ, 7 లక్షల ఎకరాల కొత్త ఆయకట్టుకూ, 960 మెగావాట్ల కరెంటుకూ, విశాఖపట్నం దాహానికీ, కృష్ణా డెల్టా వెలితికీ ఏకకాలంలో అభయహస్తం చాచి, చాచిన హస్తాన్ని దశాబ్దాల తరబడి దించకుండా నిలిపిన మహాతపస్వీ, ఆంధ్రుల జీవనాడిగా సకల పార్టీల మేనిఫెస్టోలలోనూ సుప్రతిష్ఠితులైన పోలవర సార్వభౌమా! ఏలినవారికి ఈ సామాన్యుడి దండప్రణామాలు.

లోకంలోని తక్కిన కట్టడాలన్నీ క్రమానికి దాసులు ప్రభూ. ముందు అనుమతి, తర్వాత పని. ముందు ఆనకట్ట, తర్వాత కాలువ. ముందు మనిషికి వేరే గూడు, తర్వాత అతడి ఊరికి నీళ్లు. ఈ ముందువెనుకల గానుగలో తరతరాల ఇంజనీర్లు తిరిగి తిరిగి అలిసిపోయారు. ఆ దాస్యాన్ని ఒక్కొక్క సంకెలగా తెంచుకుంటూ వచ్చిన స్వతంత్రులు తమరొక్కరే. తమరి మహిమలు ఎన్నని చెప్పను, ఏ వరుసలో చెప్పను? వరుస తమరికి గిట్టదు గనుక నోటికొచ్చిన క్రమంలోనే విన్నవించుకుంటాను.

తమరి నామకరణ మహోత్సవం జన్మోత్సవానికన్నా ముందే జరిగింది. 1941 ప్రాంతంలో మద్రాసు రాజధాని నీటిపారుదల శాఖ చీఫ్ ఇంజనీరు దివాన్ బహద్దూర్ వెంకటకృష్ణ అయ్యర్ తమరిని మనసున దర్శించారు. నిండితే నీళ్లు భద్రాద్రి రాముడి పాదాల దాకా వస్తాయన్న భక్తితో తమరిని 'రామపాదసాగరం' అన్నారు. 129 కోట్లతో ఒక అంచనా కూడా తయారైంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని అమాయకులు నవ్వుకునే మాటను తమరు నిష్ఠగా ఆచరించి చూపారు. ఆ సోమలింగానికి పేరు పెట్టిన తరం పోయింది, బారసాల మాట విన్న తరం పోయింది, వారి మనుమలకు తల నెరిసింది. తమరు మాత్రం నాటికీ నేటికీ పుట్టబోయేవారే! ముసలితనం సోకని ఇంతటి గర్భస్థ వైభవం పురాణ పురుషులకైనా దక్కిందా?

ఒక్క శంకుస్థాపనతో సరిపెట్టుకునేవి చెరువు గట్లూ చిన్నపాటి వంతెనలూ. తమరి అంతస్తుకు అది చాలదు. 1981లో అంజయ్యగారు రాయి వేశారు. 2004లో రాజశేఖరరెడ్డిగారు రాయి వేశారు. ఈ రెండు రాళ్ల నడుమ 23 ఏళ్ల పాటు గోదావరి ఆ తీరాన్ని ఒరుసుకుంటూ, ఏ ఆటంకమూ లేకుండా, సముద్రానికి పోయింది. ఇక్కడికి కాస్త దిగువనే ధవళేశ్వరంలో కాటన్ దొర అనే ఆయన 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కల్లా ముగించేశాడు. సిమెంటు లేదు, క్రేను లేదు, డ్రోన్ కెమెరా లేదు. అయిదేళ్లలో పని తెమిల్చేసి చేతులు దులుపుకున్నాడు. ఎంత తొందరపాటు! పాపం, ఒక్కసారైనా గడువు పొడిగించుకునే సుఖం ఎరుగడు. సందర్శకుల కోసం ఒక్క బస్సు నడపలేదు. తరతరాల రాజకీయానికి ఉపయోగపడే వస్తువును అయిదేళ్లలో పూర్తి చేసి పాడుచేసుకున్నాడు. అయినా గోదావరి జిల్లాల వాళ్లు వెర్రివాళ్లు, ఊరూరా ఆయన విగ్రహానికి దండలు వేస్తున్నారు.

రామపాదాల ప్రస్తావన వచ్చింది గనుక కంచర్ల గోపన్నను తలచుకోకుండా ఉండలేను. సర్కారు పైకంతో గుడి కట్టించినందుకు ఆయన్ని గోల్కొండ కోటలో పన్నెండేళ్లు బంధించారని చెబుతారు. లెక్క అడిగే మోటు అలవాటు ఆనాటి తానీషాలకు ఉండేది. ఆ అనాగరిక ఆచారం తమరి హయాంలో పూర్తిగా అంతరించింది. తమరి లెక్క తానంతట తానే పెరుగుతుంది, వేసవిలో తాటిచెట్టు నీడకన్నా నిశ్శబ్దంగా సాగుతుంది. 2005-06 ధరల్లో 10,151 కోట్లు. 2010-11 ధరల్లో 16,010 కోట్లు. 2017-18 ధరలకు వచ్చేసరికి 55,548 కోట్లు. నిండు నీటిమట్టం ఎత్తు మాత్రం ఈ మూడు అంచనాల్లోనూ అదే 45.72 మీటర్లు! ఎత్తు పెరగకుండా కేవలం విలువ పెంచుకునే ఈ యోగవిద్య తక్కిన కట్టడాలకు అలవడాలంటే ఎన్ని జన్మలెత్తాలో.

ఆ 55,548 కోట్లలో దాదాపు 33,168 కోట్లు మట్టికీ రాయికీ కాంక్రీటుకూ కాదు, ముంపు భూముల పరిహారానికీ నిర్వాసితుల పునరావాసానికీ అని తేలింది. అంటే తమరిని కట్టడంకన్నా తమరికి చోటివ్వడమే ఖరీదైన పని. ఈ సత్యాన్ని మొదటి అంచనాల్లోనే బయటపెట్టి జనాన్ని భయపెట్టకుండా, ఏళ్ల తరబడి దాచి, పనులు వెనక్కి మళ్లలేని చోటికి చేరాక వెల్లడించిన తమరి కారుణ్యానికి జోహార్లు. 2014లో రాష్ట్ర విభజన చట్టం తమరికి జాతీయ హోదా కట్టబెట్టింది. ఆనాటి నుంచి ఖర్చు కేంద్రానిది, కట్టడం రాష్ట్రానిది, ఘనత ఇద్దరిది, ఆలస్యం ఎదుటివారిది. ఇంత చక్కగా వాటాలు కుదిరిన ఉమ్మడి సంసారం మన వైపు అరుదు.

కాలువల సంగతి చెప్పుకుందాం. కుడి కాలువ 174 కిలోమీటర్లు, ఎడమ కాలువ 181 కిలోమీటర్లు. నీటిని ఆపే కట్ట ఇంకా నదిలో దిగకముందే, ఆ నీళ్లు పారవలసిన దారిని ఏలినవారు జిల్లాల పొడవునా తవ్వించారు. మాగాణులు, జీడిమామిడి తోటలు, కొబ్బరితోటలు దారి ఇచ్చాయి. తవ్విన మట్టి గట్లుగా లేచింది. గట్ల మీద తుమ్మ మొలిచింది. అడుగున వాననీళ్లు నిలిచి జమ్ము పెరిగింది. ఎన్నో ఏళ్లు పశువులకు ఇంత విశాలమైన బీడు ప్రసాదించినవారు తమరే. కుడి కాలువకు మాత్రం అదృష్టం కలిసొచ్చింది. పట్టిసీమ దగ్గర 24 పంపులు పెట్టి గోదావరిని తోడి అందులో పోశారు, కృష్ణా డెల్టా నారుమళ్లు దాంతో తడిశాయి, అబద్ధమాడకూడదు. పల్లానికి తనంతట తాను జారి రావలసిన నీటికి కరెంటు బిల్లు కట్టే గౌరవం మనకు కల్పించింది కూడా తమరి నెమ్మదితనమే.

అనుమతుల విషయంలో తమరి చాకచక్యాన్ని న్యాయశాస్త్ర పాఠ్యపుస్తకాలలో చేర్చాలి. 2005 అక్టోబరులో పర్యావరణ అనుమతి వచ్చింది. ఎగువన ఒడిశా, ఛత్తీస్‌గఢ్ తమ ఊళ్లు మునుగుతాయనీ, తమ దగ్గర ప్రజాభిప్రాయ సేకరణ జరగలేదనీ అడ్డుచెప్పాయి. 2011 ఫిబ్రవరిలో పని ఆపమని కేంద్ర పర్యావరణ శాఖ ఉత్తర్వు ఇచ్చింది. సామాన్యమైన ప్రాజెక్టు అయితే పని ఆపేది, లేదా ఉత్తర్వును కొట్టించుకునేది. ఏలినవారు ఈ రెండు మొరటు మార్గాలనూ విడిచిపెట్టారు. పని ఆపమన్న ఉత్తర్వును కొంతకాలం ఆపి ఉంచే మరో ఉత్తర్వు వచ్చింది. ఆ కొంతకాలం అయిపోగానే ఇంకొంతకాలం. అలా ఏళ్ల తరబడి పని ఆగమన్న మాట చెల్లుబాటులోనే ఉంది, పని కూడా సాగుతూనే ఉంది. ఆజ్ఞనూ ధిక్కరించక, అవసరాన్నీ వదలక, రెంటినీ పక్కపక్కన ప్రవహింపజేసిన ఈ సామరస్యం గంగాయమునలకైనా ఆదర్శం.

ఇప్పుడిక తమరి లీలలన్నింటికీ తలమానికమైన డయాఫ్రం వాల్ దగ్గరికి వస్తున్నాను. ఇక్కడ నా మాటలకు కొంచెం నిడివి ఎక్కువైతే ఏలినవారు మన్నించాలి. ఇంతటి ఘనకార్యాన్ని రెండు ముక్కల్లో ముగిస్తే అపచారం.

తమరు ఇసుక మీద కూర్చున్నారు. అక్కడ గోదావరి అడుగున రాయి తగలాలంటే చాలా లోతుకు దిగాలి. మట్టి, రాతి కట్ట ఎంత ఎత్తుగా పోసినా దాని కిందుగా ఇసుకలోంచి నీళ్లు ఊరి పోతాయి, ఊరుతూ ఊరుతూ కట్టనే లాక్కుపోతాయి. అందుకని నదీగర్భంలోకి రాయి తగిలేదాకా మీటరున్నర మందాన కాంక్రీటు తెరను దించాలి. ప్రధాన కట్ట కింద దాదాపు 1,400 మీటర్ల పొడవున, కొన్నిచోట్ల వంద మీటర్ల లోతుకు చేరువగా దిగే గోడ ఇది. కంటికి కనబడదు. రిబ్బన్ కత్తిరించడానికి వీలుండదు. కానీ తమరి ప్రాణం అందులోనే ఉంది.

దీన్ని కట్టే పద్ధతి ఇంజనీరింగు కాలేజీలో చదివే ప్రతి పిల్లవాడికీ తెలుసు. ముందు స్పిల్‌వే కట్టి నది పోవడానికి పక్కదారి చూపాలి. తర్వాత ఎగువనా దిగువనా కాఫర్‌డ్యాములు కట్టి నడిమి చోటును పొడిచేయాలి. ఆ కాఫర్‌డ్యాముల మాటున గోడ దించాలి. ఇంత మామూలు వరుసను ఏలినవారు పాటిస్తారా? గోడ 2018 జూన్‌కల్లా పూర్తయింది, వేడుకగా పూర్తయింది. స్పిల్‌వే అప్పటికి ఇంకా లేస్తోంది. కాఫర్‌డ్యాములు లేచినంత లేచి, నదికి దారి విడవక తప్పదు గనుక, నడుమ ఖాళీలు వదిలి ఆగాయి. వాటిని మూసేస్తే వెనకాల నీళ్లు ఎగదన్ని ఊళ్లు మునుగుతాయి. ఆ ఊళ్ల వాళ్లను ఇంకా తరలించలేదు. అలా తరలించని మనుషులు, మూయని ఖాళీ, పూర్తికాని స్పిల్‌వే, పూర్తయిన గోడ - నాలుగూ ఒకదాని చేయి ఒకటి పట్టుకుని 2019 వానాకాలానికి ఎదురు నిలిచాయి.

గోదావరి వచ్చింది. కిలోమీటర్ల వెడల్పున పారే నదిని ఇరుకు సందుల్లోంచి పొమ్మంటే ఎంత ఉరవడిగా పోతుందో ఆ ఉరవడితోనే పోయింది. 2019లో, మళ్లీ 2020లో. అడుగున ఇసుక కోసుకుపోయి అగాధాలు పడ్డాయి. కష్టపడి దించిన గోడ కొన్ని చోట్ల దెబ్బతింది. మొత్తం మీద మూడో వంతు పొడవు. ఆ గోడకు అయిన ఖర్చు 400 కోట్లకు పైగా. అయితే ఏలినవారి ప్రతిభ గోడ దెబ్బతినడంలో లేదు, తర్వాతి ఘట్టంలో ఉంది. కాఫర్‌డ్యాములు పూర్తికాకుండా గోడ ఎందుకు కట్టారని ఒకరన్నారు. ఖాళీలు సకాలంలో ఎందుకు మూయలేదని ఇంకొకరన్నారు. 2019 మేలో ప్రభుత్వం మారింది, నవంబరులో కాంట్రాక్టరూ మారారు, తొలి వరద ఈ రెంటి నడుమన వచ్చింది. ఇక ఎవరి తప్పన్నది ఆంధ్రదేశంలో ఏ టీ కొట్టు దగ్గరైనా తెల్లవార్లూ తేల్చుకోవచ్చు. నదీగర్భంలో ఒక గోడ దెబ్బతిన్న పుణ్యాన గట్టు మీద రెండు పార్టీల వాదాలు కొండల్లా నిలబడ్డాయి. పగిలి కూడా ఇందరికి ఆధారమైన గోడ భూప్రపంచంలో ఇంకెక్కడుంది?

ఆ తర్వాత పరీక్షలు, కమిటీలు, మళ్లీ పరీక్షలు. పాతదాన్ని అతికించాలా, కొత్తది కట్టాలా అన్న మీమాంసలో సంవత్సరాలు పూజాపుష్పాల్లా రాలాయి. 2024లో అమెరికా, కెనడాల నుంచి నలుగురు నిపుణులు వచ్చి చూశారు. కొత్త గోడే కట్టాలని తేలింది. 2025 జనవరిలో పాతదాని పక్కనే కొత్తదానికి శ్రీకారం చుట్టారు. ఖర్చు 1,000 కోట్లకు చేరువ. ఒక నదికి ఒక గోడ చాలునని అనుకునేవారి పిసినారితనాన్ని తమరు ఇలా సుతారంగా సరిదిద్దారు. పెద్దమనిషి పాడైన గోడ పక్కన మళ్లీ గోడ పోయించుకోవడంలో చిన్నతనమేమీ లేదు. పాతగోడ అక్కడే ఉంటుంది, నీళ్ల అడుగున, ఇసుక అడుగున. దానికి వడ్డీ కట్టేవాళ్లకు కూడా అది కనబడదు, ఎంతటి గుప్తదానం!

తమరు సత్వరత ఎక్కడా చూపలేదనడం అన్యాయం. 2019 జనవరి 6న మొదలుపెట్టి 24 గంటల్లో 32 వేల ఘనపు మీటర్లకు పైగా కాంక్రీటు పోసి, అంతకు ముందు దుబాయ్ పేరిట ఉన్న గిన్నిస్ రికార్డును బద్దలుకొట్టారు. ఆ ఒక్కరోజు తమరి వేగాన్ని చూసినవాళ్లకు మిగతా రోజులు తమరు ఎందుకు నెమ్మదించారో అర్థమై ఉంటుంది. అంత వేగంగా పనిచేయగలిగిన వారు కేవలం సంయమనంతో ఆగారు. వారం వారం ముఖ్యమంత్రి సమీక్షకు సోమవారాన్ని కేటాయించి ప్రాసకోసం పోలవారమన్నారు. జిల్లాజిల్లాల నుంచి రైతులను బస్సుల్లో తీసుకొచ్చి, భోజనాలు పెట్టి, తమరి దర్శనం చేయించారు. స్పిల్‌వే పిల్లర్ల ముందు భజన బృందాలు పాడాయి. నీరు ఇవ్వకుండా తీర్థమైన ప్రాజెక్టు ఇంకోటి ఉంటే చూపించమనండి. 2021 జూన్‌లో గోదావరిని స్పిల్‌వే మీదుగా మళ్లించడం పూర్తయింది. అదొక్కటి అసలు అనుకున్న వరుసలో జరిగి ఉంటే ఈ స్తోత్రంలో సగం రాయవలసిన పని నాకుండేది కాదు.

ఇక తమరి కటాక్షానికి నోచుకున్నవారి మాట. 373 ఆవాసాలు, లక్షా ఆరు వేల కుటుంబాలు. కోయలు, కొండరెడ్లు, వారితోపాటు నది ఒడ్డున మిరపా పొగాకూ పండించుకునే రైతులు, చేపలు పట్టేవాళ్లు, వెదురు కొట్టేవాళ్లు. ఇంతమందిని ఒక్క పిలుపుతో గూడు కదిలించగల శక్తి రాజులకు ఉండేదని విన్నాం, తమరి వద్ద కళ్లారా చూశాం. 2014లో ఖమ్మం జిల్లా నుంచి మండలాలను తెచ్చి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. మునిగేవాళ్లు మన రాష్ట్రంవాళ్లయితే మాట్లాడుకోవడం సులువని. భద్రాచలం గుడి తెలంగాణలో ఉండిపోయింది, గుడి చుట్టుపక్కల ఊళ్లు ఆంధ్రకు వచ్చాయి. రాముడికీ ఆయన పొలాలకూ నడుమ రాష్ట్ర సరిహద్దు గీసిన తమరి ధైర్యాన్ని చూసి భక్తులు ఇంకా తేరుకోలేదు.

మొదట కదిలినవి కట్టకు ఆనుకుని ఉన్న చిన్న ఊళ్లు. రామయ్యపేట, పైడిపాక, చేగొండపల్లి, సింగన్నపల్లి, దేవరగొంది, మామిడిగొంది, తోటగొంది. కొండల నడుమ గొందుల్లో ఉండే ఊళ్లకు పూర్వం ఎంత చక్కని పేర్లు పెట్టారో! ఇప్పుడు వారు వరుసగా పేర్చిన ఒకే రంగు ఇళ్ల కాలనీల్లో ఉన్నారు. చింతచెట్టు, ఇప్పచెట్టు, గట్టు దిగితే నది - ఇన్ని రకాల చిక్కులతో బతికినవారికి ఏలినవారు ఒక నెంబరూ, ఒక ఇల్లూ, ఒక మీటరూ ఇచ్చి జీవితాన్ని తేలిక చేశారు. అడవిలో డబ్బు లేకుండా దొరికేవన్నీ ఇక కొనుక్కునే అవకాశం వచ్చింది. తొలినాళ్లలో ఎకరాకు లక్షా పదిహేను వేలు తీసుకుని సంతకం పెట్టినవారున్నారు. తర్వాత పక్క ఊరివాళ్లకు కొత్త భూసేకరణ చట్టం ప్రకారం వచ్చినదాంతో దాన్ని పోల్చుకుని వారు నిట్టూరుస్తుంటారు. ముందుగా సహకరించినవారికి తక్కువ, మొరాయించినవారికి ఎక్కువ. అందరికన్నా ముందు లేచి దారి ఇచ్చిన నిష్కామకర్మకు ఫలం ఆశించకూడదని తమరి ఉపదేశం.

నిత్యయౌవనం ప్రసాదించే తమరి వరం గురించి చెప్పకపోతే కృతఘ్నుణ్ణవుతాను. పునరావాస ప్యాకేజీకి ఒక కటాఫ్ తేదీ ఉంది. ఆ తేదీకి 18 ఏళ్లు నిండినవారు వేరే కుటుంబం, నిండనివారు తండ్రి చాటు బిడ్డలు. తేదీ అక్కడే ఆగింది. ఊరు కదలలేదు. పిల్లలు మాత్రం పెరిగారు. పెళ్లిళ్లయ్యాయి, వాళ్లకే పిల్లలు పుట్టారు. ఏలినవారి జాబితాలో వాళ్లింకా మైనర్లే. ఒకే ఇంటి కప్పు కింద మూడు తరాలు ఉంటే పుస్తకంలో ఒక కుటుంబమే. కాలాన్ని ఇలా కాగితం మీద నిలబెట్టే విద్య కాయకల్ప వైద్యులకు దొరికి ఉంటే వారు అడవులు పట్టి పోయేవారు కాదు. ఎలాగూ మునిగే ఊరికి రోడ్డెందుకు, పక్కా ఇల్లెందుకు, కొత్త బడి గదులెందుకు అన్న పొదుపు కూడా దీనికి తోడు. రెండు దశాబ్దాలుగా ఆ ఊళ్లు నీళ్ల కింద లేవు, నీళ్ల పైనా లేవు.

2027 గోదావరి పుష్కరాలకు తమరు సిద్ధం కావాలని ఇప్పుడు గడువు. అంతకు ముందు 2018 అన్నారు, 2019 అన్నారు, 2021 అన్నారు, 2022 అన్నారు, 2024 అన్నారు. పుష్కరాలు పన్నెండేళ్లకోసారి వస్తాయి, పాపం బృహస్పతికి అంతకన్నా తొందరగా తిరగడం చేతకాదు. పైగా ఈసారి పూర్తయ్యేది 41.15 మీటర్ల దాకానట. కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో ఒప్పుకున్న 30,436 కోట్ల లెక్క కూడా ఆ తొలిదశకే. 45.72 మీటర్ల నీటిమట్టానికి సరిపడా కట్టి, 41.15 దాకా నింపి, మిగిలిన నాలుగున్నర మీటర్లను ఆకాశానికి విడిచిపెట్టిన ఔదార్యానికి ఏమి పేరు పెట్టాలో నిఘంటువుల్లో వెతుకుతున్నాను.

ఆ నాలుగున్నర మీటర్ల మధ్య ఉన్నవారే తమరి అసలైన భక్తులు ప్రభూ. కూనవరం, వరరామచంద్రపురం, చింతూరు, వేలేరుపాడు, కుక్కునూరు మండలాల్లో, శబరి గోదావరిలో కలిసే చోటికి అటూ ఇటూ, వాళ్ల ఇల్లు 41.15 కాంటూరుకు పైన పడింది గనుక తొలిదశలో ముంపు కాదు. 45.72కు కింద పడింది గనుక ఎప్పటికీ ఉండేదీ కాదు. వెళ్లమని ఎవరూ చెప్పరు, ఉండమనీ ఎవరూ చెప్పరు. రెండో దశకు తేదీ లేదు, నిధులు లేవు. అందువల్ల వారి విషయంలో తమరు ఏనాడూ ఆలస్యం చేశారన్న నింద రాదు.

2019లో ఎగువ కాఫర్‌డ్యామ్ తలెత్తిన తొలి వానాకాలంలోనే దేవీపట్నం మండలం ఊళ్లు నీటిలో తేలాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటి, కాంటూరు లెక్కల్లో భద్రంగా ఉన్న ఇళ్లు కూడా పైకప్పుల దాకా మునిగాయి. నదికి మన సర్వే రాళ్లు చదవడం రాదు. జనం పిల్లల్నీ, బియ్యం మూటల్నీ, మేకల్నీ పట్టుకుని కొండెక్కి టార్పాలిన్ల కింద వానలో కూర్చున్నారు. నీళ్లు తీశాక దిగి వచ్చి మంచాలు కడుక్కున్నారు, గోడల్లో పేరుకున్న ఒండ్రు ఎత్తిపోసుకున్నారు, తడిసిన పట్టాదారు పాసుపుస్తకాలు ఎండబెట్టుకున్నారు. మర్నాటి నుంచి మళ్లీ వ్యవసాయం, మళ్లీ జాబితాలో పేరు కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం. తమరు ఇంకా నిండనేలేదు, అప్పుడే వారికి ముంపు ఇంత బాగా అలవాటు చేశారు. రేపెప్పుడో తమరు నిండుకుండలా 45.72 దాకా నిలిచే శుభదినాన ఎటు పరుగెత్తాలో, ఏమి వదిలిపెట్టాలో, ఏది ముందు కొండెక్కించాలో కొత్తగా నేర్చుకోవలసిన పని వారికి ఏమీ ఉండదు. పైసా ఫీజు లేకుండా, ఏటా, ఇంటింటికీ వచ్చి ఇచ్చిన ఈ శిక్షణకు ఆ మండలాల ప్రజల పక్షాన ఏలినవారికి ప్రత్యేక వందనాలు సమర్పించుకుంటున్నాను.